మూడోసారి అడిగితే

నిన్న పొద్దున మా ఆఫీసులో కొత్త జూనియర్ పెన్ను మూత తీసింది. టక్కుమన్న ఆ చిన్న చప్పుడుకే నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఎదుటి కుర్చీలో మరికల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన అప్పుడే చెప్పడం మొదలుపెట్టాడు. "మూత పెట్టెయ్యమ్మా, ముందు విను" అన్నాను. వినడానికీ మూతకూ సంబంధమేమిటన్నట్టు ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. ఒకప్పుడు నేనూ ఇలాగే చూశాను, పైగా లోపల నవ్వుకున్నాను కూడా. ఆ మాట నాది కాదు, నాకు పని నేర్పిన ఖైరున్నీసా మేడంది. నారాయణపేట కోర్టులో ఆమెను ఎరగనివాళ్లు లేరు గానీ, ఆ ఊరు దాటితే ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి, లేకపోతే నేను పడ్డ గొయ్యి ఎంత లోతో మీకు తెలియదు. మహబూబ్‌నగర్‌లో లా చదివిన మూడేళ్లూ క్లాసులో నేనే ముందు. సెక్షన్ల నంబర్లు నా నాలుక చివర ఉండేవి. ఎదుటివాళ్లు సగం మాట అంటే మిగతా సగం నేనే పూర్తిచేసేదాన్ని, అదే తెలివనుకునేదాన్ని. చివరి ఏడాది రాత పరీక్షలతో పాటు పని పరీక్షలు కూడా ఉంటాయి. దావా రాయడం, ఉత్తుత్తి కోర్టులో వాదించడం, వాటితో పాటు కక్షిదారుతో మాట్లాడడం. ఈ చివరిదానికి మా కాలేజీలో పరీక్ష చేసే సారే కక్షిదారు వేషం కడతారు. మనం వకీలులాగా ఆయన కష్టం రాబట్టి సలహా చెప్పాలి. ఇదీ ఒక పరీక్షేనా అని దానికి నేను చదవనైనా చదవలేదు.

"నేను టైలర్నమ్మా. మా దుకాణం ఓనరు ఖాళీ చెయ్యమంటున్నడు..." అన్నారు సారు. నాకు అంత చాలు. కిరాయి చట్టం ఎత్తుకున్నాను. నోటీసు ఎన్ని రోజులు, ఎవరు ఇవ్వాలి, ఏ కోర్టుకు పోవాలి, అన్నీ ఊపిరి తీసుకోకుండా ఏకరువు పెట్టాను. ఆయన మధ్యలో రెండుసార్లు నోరు తెరవబోయారు. నేను చెయ్యి చూపించి ఆపాను. అంతా అయ్యాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "దుకాణం ఖాళీ చేసేటందుకు నాకేం ఫికర్ లేదమ్మా. ఆయన నా మిషన్లు లోపల్నే పెట్టి తాళమేసిండు. ఎల్లుండి పెండ్లి బట్టలియ్యాలె. గా సంగతి చెప్పనీకి వచ్చిన" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అన్ని పేపర్లూ పాసై ఆ ఒక్కదాంట్లో ఫెయిలయ్యాను.

అది పాసైతే తప్ప డిగ్రీ లేదు, డిగ్రీ లేనిదే నల్లకోటు లేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంట్లో ఉంది. మా బాపు మగ్గం నేస్తాడు. నారాయణపేట చీర అంచు మీద ఆయన చెయ్యి పడితే కొలత తప్పదు. ఆయన అప్పటికే మా గల్లీ మొత్తానికి "మా మంజుల వకీలమ్మ అయితాంది" అని చెప్పుకున్నాడు. ఫలితాలొచ్చిన రోజు "ఏమాయె బిడ్డా?" అని అడిగితే, "ఇంకా పెట్టలే బాపు" అన్నాను. నోట్లో నువ్వుగింజ నానని నేను, ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఆరు నెలలు దాచాను. మళ్లీ పరీక్ష వచ్చేలోపు ఏదో ఒకటి చెయ్యాలి. బాపుకు నిజం తెలియకముందే దాన్ని పాసు చేసెయ్యాలి. ఆ రోజుల్లో నాకున్న ఆలోచన అదొక్కటే.

ఖైరున్నీసా మేడం ఆఫీసు కోర్టు ఎదురుగా, జిరాక్స్ దుకాణం మీద ఒకే ఒక్క గది. పని నేర్పమని అక్కడికి పోయాను. మేడం సన్నగా, పొట్టిగా ఉండేది. గొంతు ఎంత చిన్నదంటే, ఆమె లేచి నిలబడితే వినడం కోసం కోర్టు హాలే మాటలాపాల్సి వచ్చేది. "ఎందుకు ఫెయిలైనవ్?" అని అడిగింది. "సారు సగమే చెప్పిండు మేడం" అన్నాను ఉక్రోషంగా. ఆమె గట్టిగా నవ్వేసింది. "సగమే చెప్పిండా, నువ్వు సగమే చెప్పనిచ్చినవా?" అని, రేపటి నుంచి రమ్మంది. ఆమె పెట్టిన షరతులు రెండే. పార్టీ, అంటే కక్షిదారు, తనంతట తాను చెప్పడం ఆపేదాకా పెన్ను మూత తియ్యొద్దు. ఆపాక "ఇంకేమన్న ఉందా?" అని అడగాలి. ఒక్కసారి కాదు, ముమ్మార్లు. మొదటిసారికి చిన్న విషయం వస్తుందట, రెండోసారికి "ఏం లేదు" అంటారట. "మూడోసారి అడిగినంక వచ్చేదే కేసు" అనేది మేడం.

నాకది చాదస్తంగా తోచింది. అడిగిందే అడిగితే చెవిటిదనుకోరూ? అయినా ఆమె ముందు మూడుసార్లు అడిగేదాన్ని, ఆమె లేనప్పుడు ఒక్కసారితో సరిపెట్టేదాన్ని. ఒకరోజు మేడం వేరే కోర్టులో ఉండగా మక్తల్ అవతలి ఊరి నుంచి సాయమ్మ అనే ఆమె వచ్చింది. భర్త పోయాడు, తన చేనులోకి బావ దిగి దున్నుతున్నాడు. ఇలాంటివి నాకు కొట్టిన పిండి. చకచకా రాసుకున్నాను. "ఎవరికన్న ఏమన్న కాయిదం రాసిచ్చినవా?" అంటే తల అడ్డంగా ఊపింది. అయిపోయింది. బావ చేనులో అడుగు పెట్టకుండా ఆర్డర్ కోసం పిటిషన్ తయారుచేసి, ఆమెతో వేలిముద్ర వేయించి మేడం ముందు పెట్టాను. "మూడుసార్లు అడిగినవా?" అంది. "అడిగిన మేడం" అన్నాను. అది నా రెండో అబద్ధం.

వాయిదా నాడు అవతలి వకీలు ఒక కాగితం తీసి జడ్జిగారికి ఇచ్చాడు. చేనును ఒక ఏడాదికి బావకే కౌలుకిచ్చినట్టు, కింద సాయమ్మ వేలిముద్ర. జడ్జిగారు కళ్లద్దాల మీదుగా మా వైపు చూశారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మేడం లేచి, "తప్పు నాదే సర్. పార్టీని సరిగ అడగలే" అంది. నా పేరు ఎత్తలేదు. బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి, "సాయమ్మ ఊరికి పోయి రా. తప్పయిందని చెప్పు. ఎందుకు చెప్పలేదో అడిగి రా" అని మాత్రం అంది. ఆమె తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు బస్సెక్కి పోయాను. సాయమ్మ కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, నేను తప్పొప్పుకోకముందే తనే చేతులు జోడించింది. "చెప్దామనే వచ్చిన బిడ్డా. కౌలు మొన్ననే తీరింది, అయినా పోతలేడు, గా మాట చెప్దామని. నువ్వు రాసుకుంట ఉంటివి. రాసేటోళ్లకు అడ్డం రావొద్దని ఊకున్న" అంది. "మరి నేను అడిగితే లేదంటివి గదా అమ్మా?" అన్నాను. "కాయిదమంటే భూమి అమ్మిన కాయిదమనుకున్న. మల్ల ఒక్కసారి అడుగుతవేమోనని చూసిన" అంది. పటేలు రాసినా, పోలీసు రాసినా, ఎవరు రాసినా ఆమె బతుకంతా అలాగే నోరు మూసుకుని నిలబడింది. మూత తీసిన పెన్ను ముందు ఈ పల్లెల మనిషి మాట్లాడడు. ఆ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తిరిగొచ్చే బస్సులో నాకు ఏడుపొచ్చింది. మేడం ఆ పిటిషన్ వెనక్కి తీసుకుని, గడువు తీరిన కౌలు మీద కొత్తగా దావా వేసింది. సాయమ్మ చేను సాయమ్మకు వచ్చింది గానీ, ఒక పంట కాలం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం నాది.

రెండోసారి పరీక్షకూ అదే సారు. ఈసారి ఆటో డ్రైవరు వేషం. ఎదురుగా వచ్చిన మోటార్ సైకిల్‌ను ఆటో గుద్దింది, కేసు పెట్టారు. ఆయన చెప్తుంటే నా నోటిలో సెక్షన్లు కుతకుతలాడుతున్నాయి. బుగ్గ లోపలివైపు కొరుక్కుని కూర్చున్నాను. ఆయన ఆగాక "ఇంకేమన్న ఉందా అన్నా?" అన్నాను. ఆటో లైట్ వెలగడం లేదన్నారు. మళ్లీ అడిగాను. "ఏం లేదమ్మా" అన్నారు. అక్కడ ఆగిపోదామనిపించింది. చుట్టూ కూర్చున్న పిల్లలు నవ్వుతారేమోనని భయం. సాయమ్మ చేట గుర్తొచ్చింది. మూడోసారి అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. సారు తల వంచుకుని, "బండి నేను నడపలేదమ్మా. మా తమ్ముడు నడిపిండు. వానికి లైసెన్సు లేదు" అన్నారు. అప్పుడు పెన్ను మూత తీశాను. ఆయన వేషం వదిలేసి, "ఇప్పటిదాకా ఈ మాట నాతో ఎవరూ చెప్పించలేదమ్మా" అన్నారు.

పాసయ్యాను. ఫలితం తెలియగానే ఫోను కూడా చెయ్యకుండా మేడం ఆఫీసుకు పరుగెత్తి, కక్షిదారుల కుర్చీలో కూలబడి గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేశాను. మేడం విన్నది. శభాష్ అనలేదు. "ఇంకేమన్న ఉందా?" అంది. మార్కులు చెప్పాను. "ఇంకేమన్న?" ఏం లేదన్నాను. మూడోసారి కూడా అడిగి ఊరుకుంది. ఎదురుగా ఎవరైనా అలా ఊరుకుంటే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. "సాయమ్మను ఒక్కసారే అడిగిన మేడం, మీకు అబద్ధం చెప్పిన" అన్నాను. "ఎరుకే" అంది. "బాపుకు కూడ అబద్ధమే చెప్పిన. ఫెయిలైన సంగతి ఆయనకు తెల్వదు" అని భోరుమన్నాను. ఆమె మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "గిది నాకు చెప్పే మాట కాదు. ఇంటికి పో బేటా" అంది.

బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని అంచు వేస్తున్నాడు. పాసయ్యానని చెప్పాను. ముందొకసారి తప్పానని, ఆరు నెలలు దాచానని కూడా చెప్పాను. మగ్గం ఆగలేదు. "ఎరుకే బిడ్డా. పాసైతే నువ్వు గల్లీ మొగదాంక వినబడేటట్టు ఒర్లుతవు. ఆరు నెల్ల సంది నీ నోరు లెవ్వలే" అన్నాడు. "మరి మల్ల ఒక్కసారన్న అడగకపోతివి?" అన్నాను. అప్పుడు చేతులాపి నా వైపు చూశాడు. "అడిగితే ఇంకో అబద్ధం చెప్పాల్సొస్తుండె నీకు. అందుకే అడగలే."

ఆ మాట మేడంకు చెబితే ఆమె చేతిలోని పెన్నుకు మూత పెట్టింది. తర్వాత, "మీ బాపు నాకన్న పెద్ద వకీలు. ఎప్పుడు అడగొద్దో తెల్వనీకి నాకు తల నెరిసింది" అంది. ఆ మరుసటి శుక్రవారం మా ఇంటికి వచ్చి మగ్గం పక్కన పీట వేసుకుని బాపుతో చాయ్ తాగింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు, నేనే వాగుతూ కూర్చున్నాను. మేడం ఇప్పుడు ప్రాక్టీసు మానేసి మహబూబ్‌నగర్‌లో చెల్లెలి దగ్గర ఉంటోంది. నా ఆత్రం పూర్తిగా పోయిందని చెబితే మూడో అబద్ధమవుతుంది, మా ఇంట్లో వాళ్లను అడగండి. కానీ మూడుసార్లు అడిగినా చెప్పనివాళ్లు కొందరు నా దగ్గరికి వస్తుంటారు. మంచినీళ్లు తాగి, వేరే ఏదో మాట్లాడి, "మల్లొస్తమ్మా" అని లేస్తారు. వెనక్కి పిలిచి ఇంకోసారి అడగాలని నాకు నాలుక దురద పెడుతుంది. పిలవను. మెట్లు దిగేదాకా చూస్తాను. వారమో, నెలో పడుతుంది గానీ, వాళ్లు మళ్లీ వస్తారు.