మామ కట్టిన బాణీ

మొన్న టీవీలో ఇద్దరు సంగీత దర్శకులు ఒక పాట బాణీ నాదంటే నాదని వాదించుకుంటుంటే మా ఇంట్లో అందరూ నవ్వుతూ చూశారు గానీ, నేను అక్కడ కూర్చోలేక వంటింట్లోకి వెళ్లిపోయాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల మొదట్లో మన వైపు పెళ్లిళ్లలో మేళంతో పాటు ఆర్కెస్ట్రా కూడా పెట్టించడం మొదలైంది. నంద్యాలలో అలాంటిదొకటి మా మేనమామది. ఆయన మద్రాసు నుంచి తెచ్చుకున్న కీబోర్డును మా వీధివాళ్లు కరెంటు హార్మోనియం అనేవాళ్లు.

పెళ్లివాళ్లు అడిగేవన్నీ సినిమా పాటలే అయినా, భోజనాల బంతులు సాగుతూ ఎవరూ పెద్దగా వినని వేళ చూసుకుని, మామ తాను సొంతంగా కట్టుకున్న బాణీ ఒకటి వాయించేవాడు. ఆళ్లగడ్డలో మా పిన్ని పెళ్లిలో అది మొదటిసారి విని, నాకు వచ్చిన కొద్దిపాటి సంగీతంతోనే స్వరాలు పట్టుకుని, ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటుంటే మామ చూసి మురిసిపోయి, ఒకచోట తప్పు కూడా తన చేత్తో దిద్దాడు. ఆయన వెళ్లాక, అదే పేజీలో కింద మిగిలిన చోట, ఆ రోజు తబలా వాయించిన అతని వేళ్ల గురించి నాలుగు వాక్యాలు రాశాను. అతనితో ఒక్క మాటైనా మాట్లాడినదాన్ని కాదు.

ఏడాది తిరక్కముందే ఆ బాణీ రేడియోలో కొత్త సినిమా పాటగా వచ్చింది. కీబోర్డు రిపేరుకని మద్రాసు పోయినప్పుడు అంగట్లో వాయించి చూశానని, అక్కడ విన్నవాళ్లెవరో ఎత్తుకుపోయారని మామ చెబితే నమ్మినవాళ్లు లేరు సరికదా, సినిమా పాట దొంగిలించి తనదని చెప్పుకుంటున్నాడనే పేరొచ్చింది. ఒకరోజు మా వసారాలో బంధువులందరి మధ్య చిన్నాన్న, "మద్రాసోళ్లు నీ పాట కోసరం రైలెక్కి నంద్యాలకొచ్చినారా ఏం బావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మామ నా వైపు తిరిగి, "పాపా, నువ్వు రాసుకుంటివి గదా, ఆ పుస్తకం తేపో" అన్నాడు.

డైరీ లోపల ట్రంకుపెట్టెలో ఉంది. తెస్తే ముందు నాయన చేతికి, తర్వాత చిన్నాన్న చేతికి పోతుంది, స్వరాల కింద ఏముందో అందరూ చదువుతారు. నేను తల వంచుకుని, "నేనేం రాసుకోలేదే మామా" అన్నాను.

ఆయన మళ్లీ వాళ్ల వైపు తిరిగి, "మర్చిపోయినట్లుంది బిడ్డ" అని తానే సర్దిచెప్పాడు.

ఆ తర్వాత బంతుల వేళ ఆయన సొంత బాణీ వాయించడం మానేశాడు, అడిగినవే వాయించేవాడు. పోయేదాకా నన్ను ఆ సంగతి మళ్లీ అడగలేదు, అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఎవరిది ఎవరు తీసుకున్నారో నా డైరీ తేల్చగలిగేది కాదు, నాకిప్పటికీ తెలియదు. పాట రేడియోలో రాకముందే రాసింది కాబట్టి, మామ దొంగ కాదని మాత్రం చెప్పగలిగేది. నాకు పెళ్లి కుదిరిన వారం ఆ పేజీ చింపి నీళ్లపొయ్యిలో వేశాను. మామ దిద్దిన స్వరం కూడా దాంతోపాటే కాలిపోయింది.

ఇప్పటి పిల్లలు బాణీ తట్టీ తట్టగానే ఫోన్లో పాడి పెట్టుకుంటున్నారు, ఏ రోజు పాడారో కూడా అందులోనే ఉంటుంది, ఇంకొకరిని బతిమాలే పనే లేదు. మంచిదే. మా రోజుల్లో మనిషి మాటకు ఇంకో మనిషి మాట తోడు రావలసి వచ్చేది, నేను రాలేదు.