అన్న తొట్టిలో పాచి

మా అన్న లారీ నడిపేవాడు. కొత్తగూడెం నుంచి విశాఖపట్నం వైపు లోడు వెళ్లినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో రెండు క్యాన్ల సముద్రపు నీళ్లు తెచ్చేవాడు. తొంభైల మొదట్లో మా కిరాయి ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన, ఆ నీళ్లతో ఒక అద్దాల తొట్టి ఉండేది. అందులో అలలు కొట్టే బండల దగ్గర ఏరుకొచ్చిన రాళ్లు, వాటికి అంటుకుని పువ్వుల్లా విచ్చుకుని ముట్టుకుంటే ముడుచుకునే జీవాలు, చారల చేపలు రెండు. బొగ్గు దుమ్ము పడే ఊళ్లో ఇదేం పిచ్చి అనేవాళ్లు చూడొచ్చినవాళ్లు. అన్న తొట్టి అద్దం తుడుచుకుంటూ ఉండేవాడు.

మారేడుమిల్లి ఘాట్‌లో లారీ లోయలో పడి అన్న చనిపోయాడు.

దినాల నాడు భద్రాచలంలో గోదావరి ఒడ్డున పిండం పెట్టాం. కాకి ముట్టలేదు. ఎండ నెత్తికెక్కేదాకా కూర్చున్నాం. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, దిగలేదు. చివరికి అయ్యగారు నీళ్లలో కలిపెయ్యమన్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక అమ్మ, ఏమనుకుందో, మొదటి ముద్ద తీసుకెళ్లి తొట్టిలో వేసింది. చేపలు వెంటనే పైకొచ్చి అందుకున్నాయి. అన్న పోయాక అమ్మ కడుపునిండా తిన్నది ఆ పూటే. అప్పటి నుంచి పూటపూటకూ మొదటి ముద్ద తొట్టిదే.

కొన్నాళ్లకు పాచి మొదలైంది. ముందు అద్దం మీద గోధుమరంగు పొర. తర్వాత రాళ్ల మీద ఆకుపచ్చగా, దువ్వెనలో చిక్కిన వెంట్రుకల్లా. బ్లేడుతో గీకాను. రాళ్లు బయటికి తీసి పాత పళ్ల బ్రష్షుతో తోమాను. వారం తిరిగేసరికి మళ్లీ అంతే. పువ్వుల్లా విచ్చుకునేవి పాచిలో మునిగి ముడుచుకునే ఉండిపోయాయి. అన్న చేత్తో తెచ్చినవాటిలో ప్రాణంతో మిగిలినవి అవీ, ఆ రెండు చేపలూ. అవి పోకూడదనుకున్నాను.

తొట్టి చేసిచ్చిన అద్దాల దుకాణం భాయి అన్నకు స్నేహితుడు. ఒక సాయంత్రం వచ్చి చూశాడు.

“మీ అన్న ఉన్నప్పుడు నా దుకాణంల అద్దం కన్న ఈ నీళ్లే సాఫ్‌గ ఉండె.”

“ఏం చెయ్యమంటవ్ భాయ్?”

“బ్లీచింగ్ వెయ్యి. పాచి పోతది. చేపలు గూడ పోతయ్. ఏది గావాల్నో నువ్వే చూస్కో తమ్మీ.”

వెలుతురు లేకపోతే పాచి చస్తుందని ఎక్కడో చదివాను. తొట్టి మీద నల్ల దుప్పటి కప్పి పనికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి దుప్పటి మడతపెట్టి ఉంది.

“పీనుగ మీద కప్పినట్టు ఏందిరా అది,” అన్నది అమ్మ.

ఇక మిగిలింది నీళ్లు మార్చడం. వంటింటి మూలన అన్న తెచ్చిన చివరి రెండు క్యాన్లు ఉన్నాయి. అవి అయిపోతే తెచ్చేవాళ్లు లేరు. పైపుతో సగం నీళ్లు తోడాను. వెనక రాయి ఎత్తితే, దాని కింద కుళ్లిన మెతుకులు మందంగా పేరుకుని ఉన్నాయి. కంపు గదంతా నిండింది. అన్న రెండు రోజులకోసారి చిటికెడు ఎండు రొయ్యల పొడి వేసేవాడు, అంతే. పాచికి తిండి ఎక్కడిదో అప్పుడు తెలిసింది. అంతా ఎత్తిపోసి, క్యాన్లు రెండూ వంచాను. కొన్నాళ్లు నీళ్లు తేటగా ఉన్నాయి. పువ్వులు విచ్చుకున్నాయి. తర్వాత రాళ్ల అంచున మళ్లీ ఆకుపచ్చ కనిపించింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను.

“అమ్మా, ఇక తొట్టిల అన్నం వెయ్యకు. చేపలు తినంగ మిగిలింది కుళ్లి, దానికే పాచి పెరుగుతున్నది.”

“అంటే, పాచి తింటున్నదా?”

“అవ్.”

“తిననియ్యి. ఎవరో ఒకరు తింటున్నరు గద.”

“గట్లనే వేస్తే చేపలు గూడ చస్తయమ్మా. మార్చనీకి నీళ్లు గూడ లేవు.”

అమ్మ ముద్ద చేతిలో పట్టుకుని నావైపు చూసింది. “అన్ని కాకులుండి ఒక్కటి ముట్టలే. ఇవ్వి ముట్టినయ్,” అన్నది. లేచి వెళ్లి ముద్ద తొట్టిలో వేసింది.

బ్లేడు అలమరాలో పెట్టేశాను.

వానలు మొదలయ్యేనాటికి పువ్వులు కరిగిపోయాయి. ఒక చేప తేలింది, కొద్దిరోజులకు రెండోది. రెండోదాన్ని అమ్మే దోసిట్లోకి తీసుకుని పెరట్లో పాతిపెట్టింది. నేను నీళ్లు మోరీలో పారబోశాను. అద్దం మీది పాచి ఎండి అక్కడే అంటుకుపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అమ్మ అలవాటుగా మొదటి ముద్ద పక్కకు తీసింది. లేవబోయి, ఖాళీ తొట్టి వైపు చూసి మళ్లీ కూర్చుంది. ముద్ద పళ్లెం అంచున ఆరిపోతూ ఉంది. మిగతా అన్నమంతా అయ్యాక దాన్ని కూడా తనే తిని, చెయ్యి కడుక్కుంది.