వేలికి అంటని ఎరుపు

ఫేవెన్ బటన్లు గీస్తుంది. కీలుంగ్ రేవు పక్కవీధిలోని మా చిన్న కార్యాలయంలో యాప్‌ల నిబంధనలు రాయడం నా పని, వాటికి బటన్ల బొమ్మలు గీయడం ఆమె పని. ఒక్కో బటన్‌కు రెండు బొమ్మలు కావాలి. వేలు తాకకముందు ఒకటి, తాకినప్పుడు మరొకటి. రెండోదానిలో ఆమె నీడను కాస్త తగ్గిస్తుంది, అంతే. గాజుపలక కిందికి కుంగిందని వేలు నమ్మేస్తుంది. లేని లోతును అలా పుట్టించడం చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ వారం ఒక పాత భవనంలోని ఇళ్లవారి కోసం ఓటింగ్ యాప్ తయారుచేస్తున్నాం. భవనాన్ని కూల్చాలా వద్దా అన్నది ప్రశ్న. ఓటు వేయనివారు కూల్చివేతకు ఒప్పుకున్నట్టేనని వారి సంఘం తీర్మానించింది. మౌనాన్ని సమ్మతిగా ఎలా లెక్కిస్తారని నేను రాసిన అభ్యంతరాన్ని వాళ్లు చదవనైనా లేదు.

అసలు ఓటింగ్‌కు ముందురోజు నమూనా పరీక్ష పెట్టాం. ఆ భవనంలో ఒంటరిగా ఉంటున్న లియెన్ అవ్వ “వద్దు” అన్న బటన్ నొక్కింది. ఓటు పడలేదు. మళ్లీ నొక్కినా పడలేదు.

“రేపు కూడా ఇంతే అయితే నా ఇల్లు పోయినట్టేగా?”

“ఊరికే అలా తాకి వదిలెయ్, అవ్వా!” అన్నాను విసుగ్గా.

“తాకి వదిలెయ్యడానికి ఇదేమన్నా వేడి పెనమా? నా ఇంటి సంగతమ్మా, గట్టిగా పడాలి!”

“నువ్వు కాసేపు వాదించడం ఆపు, వకీలమ్మా,” అంది ఫేవెన్. “అవ్వ బొటనవేలు చూడు.”

చూశాను. ఇక్కడి బ్యాంకుల్లో సంతకానికి బదులు, పేరు చెక్కిన ముద్రను ఎర్రసిరాలో అద్ది కాగితంమీద అదిమినట్టే అవ్వ వేలిని ఆనించి, అటూ ఇటూ ఒరిగించి, బరువంతా మోపి, ఆ తర్వాతే పైకెత్తుతోంది. ఒరిగినప్పుడు వేలు బటన్ అంచు దాటుతోంది. మనసు మార్చుకుందనుకొని ఫోన్ ఆ ఓటును వదిలేస్తోంది.

“బటన్ పెద్దది చేస్తే సరిపోదా, అక్కా?”

“ఓటు పడుద్ది. పడిందని అవ్వ నమ్మొద్దూ? నమ్మకానికి నీ చట్టంలో సెక్షనేమన్నా ఉందా?”

సాయంత్రంలోగా ఆమె బటన్‌ను వెడల్పు చేసి, రెండు బొమ్మల చోట వరుసగా పన్నెండు గీసింది. వేలు ఆనినంతసేపూ దాని చుట్టూ ముద్రసిరా ఎరుపు మెల్లగా కాగితంలోకి ఇంకినట్టు పాకుతుంది. అరిగిన ముద్రలకుండే వెలితి కూడా ఒక మూల వదిలింది. మొదట నేనే నొక్కి చూశాను. ఊపిరి బిగబట్టిన సంగతి వేలు తీశాకగాని తెలియలేదు.

మరునాడు అవ్వ “వద్దు” మీద వేలు ఆనించి, ఒరిగించి, అదిమింది. ఎరుపు నిండింది. ఫోన్ ఒకసారి కంపించింది. ఓటు నమోదైందన్న మాట తెరమీద వెలిగినా ఆమె దానివంక చూడలేదు. బొటనవేలిని కిటికీ వెలుతురుకు తిప్పి చూసుకుంది.

“పడింది,” అంది.

అయినా ఆ వేలిని తువ్వాలుకు తుడుచుకుంది.