కొత్తది కరుస్తది

కొత్త వస్తువు ఎవ్వరిదైనా సరే, ముందుగాల ఎల్లేష్ చెయ్యి పడాలె. పక్కింటి హలీమా వాళ్లు కూలర్ కొంటే, డబ్బా విప్పిన రోజు దాని ముంగట కాళ్లు సాపుకొని పండుకున్నది ఎల్లేషే. అన్న కొడుకు పెండ్లిల, పెండ్లి పిలగాడు రాకముందే స్టేజి మీది కుర్చీల కూసొని, రెండుసార్లు ఎగిరి చూసి, "ఆగుతది, కూసోవెట్టుండ్రి" అని దిగివచ్చిండు. పోలియో చుక్కల కాడ గూడ నాలుక చాపిండని అంటరు. గది అబద్ధమని ఆయన భార్య యశోద అంటది గని, గట్టిగ అనదు.

అసలు మజా చెప్పుల దుకాణంల. మెదక్ బస్టాండు తోవల ఎల్లేష్‌ది ఇరవై ఏండ్ల దుకాణం. కొత్త జత వచ్చిందంటే ముందు ఆయన కాలికెక్కాలె, చర్చి గేటు దాంక పోయి రావాలె. ఆడోళ్ల చెప్పులైనా ఇడిచిపెట్టడు. మడిమె సగం బయటనే ఉంటది, అయినా టిక్కు టిక్కుమంట నడుస్తడు.

"సేటూ, కొత్తయంటివి, అడుగు గిట్ల అరిగిందేంది?" అని గిరాకి అడుగుతడు.

"కొత్తయే అన్నా. జర నడక నేర్చినయ్, గంతే."

"నడక నాకు రాదా?"

"నీకొస్తది. చెప్పుకు రావాలె గద."

మాపటికి ఇంటికొచ్చి కాళ్లు సాపితే వేళ్లనిండ బొబ్బలు. యశోద పసుపూ నూనే కలిపి రాసుకుంట తిడుతది.

"ఊర్లె చెప్పులన్నీ నిన్నే కరవాల్నా?"

"కొత్తది కరుస్తది. ఎవలనో ఒకర్ని కరవాలె గదనే" అంటడు. ఇరవై ఏండ్ల సంది గదే మాట, గదే పసుపు.

గసుంటి ఇంటికి మొన్న ఎండకాలం ఒక మిషిన్ వచ్చింది. అది యశోదది.

యశోదకు ఏడాది నుంచి పట్టపగలే నిద్ర. బియ్యం ఏరుకుంట చాట మీదనే వాలుతది. ఏడుపాయల జాతరల లైన్ల నిలవడే నిద్రపోయింది, వెనకోళ్లు నూకితే అమ్మవారి ముంగట కండ్లు తెరిచింది. పట్నంల దవాఖానకు తీస్కపోతే, ఒళ్లంత వైర్లు పెట్టి పండవెట్టి చూసిండ్రు. తెల్లారి డాక్టరమ్మ చెప్పింది: "నిద్రలో మీకు గంటకు ముప్పై సార్లు ఊపిరి ఆగుతోందమ్మా. ఇట్లా వదిలేస్తే గుండెకు ప్రమాదం. రోజూ గాలి పంపే మిషన్ పెట్టి, దాని మాస్కు తొడుక్కొని పడుకోవాలి."

ఆ మాట విన్నకాడి నుంచి యశోదకు కన్ను మూసుడంటే భయం. మాస్కంటే గంతకన్న భయం. అక్క శివమ్మను కరోనాల గిట్లనే ముక్కుకు, నోటికి మాస్కు పెట్టి, పైపు తగిలిచ్చి బండిల ఎక్కిచ్చిండ్రు. అక్క మల్ల రాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టయింది యశోద బతుకు.

మిషిన్ పెట్టనీకి అమరేందర్ అనేటాయన వచ్చిండు. "నెల రోజులు కిరాయికమ్మా. అలవాటైతే ఉంచుకోండ్రి, పెట్టుకోకుంటే వాపస్ తీస్కపోత" అని చెప్పి, మాస్కు తొడిగి, బటన్ ఒత్తిండు. పది లెక్కవెట్టకముందే యశోద పీకేసింది.

"ఊపిరాడ్తలేదు తమ్ముడూ."

"ఊపిరి కోసమే గదమ్మా మిషిన్."

"నాకెర్కే. దానికే ఎర్క లేదు."

పగటిపూట టీవీ చూసుకుంట పావుగంట పెట్టుకుంటే అలవాటైతదని చెప్పి ఆయన పోయిండు. నాలుగు రోజులు యశోద మిషిన్ దిక్కు చూసుకుంట కూసున్నది. దగ్గరికి పోలే. ఐదో రోజు పగటీలి వాకిట్ల బట్టలారేసి లోపటికొస్తే, కుర్చీల ఎల్లేష్ ఉన్నడు. ముఖానికి మాస్కు, ముంగట టీవీల క్రికెట్. రెండు చేతులతోటి కుర్చీని గట్టిగ పట్టుకున్నడు.

"ఏందయ్యా ఇది? రోగం గూడ ముందుగాల నువ్వే చూడాల్నా?"

ఎల్లేష్ మాస్కు జర ఎత్తి, "కొత్తది కరుస్తది. మెత్తగ కానీ, అప్పుడు పెట్టుకుందువు" అన్నడు.

మెత్తగ చేసుడు ఆయనకు ఒక్కతీరే వచ్చు. చెప్పులకు రాసినట్టే మాస్కు అంచుకు కొబ్బరినూనె పట్టిచ్చిండు. మిషిన్ పెట్టంగనే మాస్కు జారి కనుబొమ్మల మీదికి పోయింది, సందులకెంచి గాలి కుయ్యిమన్నది. గోడవతల నుంచి హలీమా తొంగిచూసి, "భాభీ, కుక్కర్ దించవా? అప్పటిసంది కూత పెడుతుంది" అన్నది.

వారం దినాలు రోజూ గిట్లనే కూసున్నడు, కూత పోలే. ఆఖరికి ఎల్లేష్ అమరేందర్‌కు ఫోన్ చేసిండు.

"అంకుల్, అది చెప్పు కాదు. నూనె పెడితే ఖరాబైతది. సబ్బుతోటి కడుగుండ్రి. ఒకరి మాస్కు ఇంకొకరు అసలే పెట్టుకోవద్దు."

"కడిగిన. అయినా కూత పోతలేదు. మీసముంటే గాలి పోతదా?"

"పోతది. ఆంటీకి మీసం లేదు గదా అంకుల్?"

ఎల్లేష్ ఫోన్ కట్ చేసిండు.

తెల్లారి మంగలి దుకాణానికెంచి అట్లనే చెప్పుల దుకాణానికి పోయిండు. ముప్పై ఏండ్ల మీసం లేదు. మా దిక్కు ఉన్న మీసం తీసిండంటే ఇంట్ల ఎవరో పోయినట్టే లెక్క. పన్నెండు రోజుల కింద ఆ ఇంటికి పైపులు, మాస్కు వచ్చుడు బజారంత చూసే ఉన్నరు. ఇంక అడుగుడేముంది? పదకొండు గొట్టంగ నలుగురు ఆడోళ్లు నోటికి కొంగులడ్డం పెట్టుకొని తలుపు కొట్టిండ్రు. యశోదే తీసింది, చేతుల చాట తోటి.

కూరగాయలమ్మే సిద్దమ్మ అప్పటికే ఏడుపు అందుకున్నది. మనిషిని చూసినంక ఎట్ల ఆపాల్నో ఆమెకు తెల్వలే.

"ఎవరు పోయిండ్రు పెద్దమ్మా?" అని యశోద అడిగింది.

"నువ్వే బిడ్డా" అన్నది సిద్దమ్మ.

గంటకు ముప్పై సార్లు పోయొచ్చే ఊపిరి, ఒక్కసారి రాక తప్పిపోయిందా అని యశోదకే అనుమానం వచ్చింది. హలీమా వచ్చి చెయ్యి పట్టుకొని కూసోవెట్టి, నీళ్లు తాగిచ్చింది.

"మల్ల భయ్యా మీసమెందుకు తీసిండు?"

"మాస్కు కోసమంట. కొత్తది కనవడితే ఆగడు గదా, నా పానం మీదికి తెచ్చిండు."

హలీమా యశోద దిక్కు వింతగ చూసింది. "భాభీ, నీకు నిజంగనే తెల్వదా? మా అమ్మీకి షుగర్. చెప్పు కరిచి బొబ్బ లేస్తే నెలలు మానది. భయ్యా తొడిగి మెత్తగ చేసినయే తెస్తం. షుగర్ ఉన్నోళ్లంత గా దుకాణానికే పోతరు."

"నాయి గూడ గవే" అని సిద్దమ్మ కాలు ముంగటికి పెట్టింది. అడుగు జర అరిగి ఉన్నది.

వాళ్లు పోయినంక యశోద చాట పక్కకు పెట్టింది. ముఖం మీద ఏదైనా పడితే ఎల్లేష్‌కు పానం పోయినట్టయితది. చలికాలం మంకీ క్యాప్ పెట్టడు. దోమలు పీక్కతిన్నా దుప్పటి ముఖం మీదికి గుంజుకోడు. హెల్మెట్ లేక మూడుసార్లు పోలీసోళ్లకు దొరికిండు. గసుంటి మనిషి వారం దినాలు కుర్చీని పట్టుకొని, బిగుసుకొని, మాస్కు తోటి కూసున్నడు. క్రికెట్ కోసం బిగుసుకున్నడని అనుకున్నది తను. యశోదకు సిగ్గయింది.

పగటీలి ఎల్లేష్ అన్నం తిని మిషిన్ దిక్కు నడిస్తే, యశోద మాస్కు గుంజుకున్నది.

"ఇయ్యాల నేను ముందు."

మంచం మీద ఒరిగి తొడుక్కున్నది. గాలి కొట్టింది. అక్క యాదికొచ్చింది. చెయ్యి పట్టీ మీదికి పోయింది.

"తీయకు. చర్చి గేటు దాంక పోయొద్దాం" అన్నడు ఎల్లేష్, మంచం పక్కన పీట ఏసుకొని. "దుకాణం మెట్లు దిగినం. మెల్లగ. చాయ్ హోటల్ వచ్చింది. జిలేబి ఏస్తుండు, మనం ఆగం. పండ్ల బండ్లు దాటినం. కాలు మెల్లగ పెట్టు, తొందరేం లేదు."

యశోద ఒక్కో అడుగుకు ఒక్కో ఊపిరి తీసుకున్నది. గేటు రాకముందే నిద్రపోయింది.

లేచేటాలకు ఎండ వాకిలి దాటింది. ఎల్లేష్ పీట మీదనే ఉన్నడు, దుకాణానికి పోలే. ఆయన ముక్కు మీద వారం సంది మాస్కు ఒత్తుకపోయిన ఎర్ర గీత.

"కరిచిందా?" అన్నడు.

"లేదు" అన్నది యశోద. ఏడాది తర్వాత తల తేలికగున్నది.

పసుపూ నూనే తెచ్చి ఈసారి ఆయన ముక్కుకు రాసింది. తిట్టలేదు. చాయ్ పెట్టి రెండు కప్పుల పోసింది. ఎల్లేష్ తన కప్పు ఇడిచిపెట్టి ఆమె కప్పు అందుకున్నడు, అలవాటే గదా, ఒక్క గుక్క తాగి ఇచ్చిండు.

"జర కాలుతుంది, ఆగి తాగు" అన్నడు.