గుంటూరు పొద్దు, ఆదోని పొద్దు

మాది ఆదోనిలో దూదేకుల ఇల్లు. ముప్పై దాటాక రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. గడియారం చూడటం కూడా అక్కడే వచ్చింది. ఆ ఏడు రంజాన్ వానాకాలంలో పడింది. గుంటూరులో పనిచేసే మా తమ్ముడు వస్తూ ఒక క్యాలెండరు తెచ్చాడు. ఏ రోజు ఎన్ని గంటలకు ఒక్కపొద్దు విడవాలో అందులో తెలుగులో అచ్చు వేసి ఉంది. మా వీధి ఆడవాళ్లలో దాన్ని చదవగలిగింది నేనొక్కతినే. ఆ సంగతి నేనెవరినీ మరిచిపోనివ్వలేదు.

మా అత్త అప్పటికే జబ్బు మనిషి. అయినా ఆ ఏడు ఒక్కపొద్దు ఒక్కటి కూడా పోనివ్వనని పట్టుబట్టి సగం నెల దాకా లాక్కొచ్చింది.

ఒక సాయంత్రం మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. మసీదు మైకులో నమాజుకు పిలిచే బాంగు వినపడదు. మా వసారాలో పక్కిళ్ల ఆడవాళ్లు ఖర్జూరాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"బాంగు అయిందో లేదో, ఎట్ల తెలిసేది?" అంది అత్త.

"క్యాలెండరుంది కదత్తా. టైమైపోయింది, ఇడువు" అన్నాను.

"అది గుంటూరుదమ్మీ. మనూరికి సరిపోతాదా?"

"దేశమంతా ఒకటే టైమత్తా. రేడియోలో ఆడొక టైము, ఈడొక టైము సెప్తారా?"

"సదువుకున్న కోడలు సెప్పినాక ఇంగ మాట్లాడేదేముంది" అంటూ పక్కింటామె ఖర్జూరం నోట్లో వేసుకుంది. అత్త నీళ్లు తాగింది.

ఆమె గ్లాసు కింద పెట్టేలోపు పడమట మబ్బు చీలింది. పత్తి జిన్నింగు మిల్లు రేకుల మీద ఎర్రటి ఎండ. పొద్దు ఇంకా గుంకలేదు.

ఎవరూ నన్ను తిట్టలేదు. పక్కింటామె నోట్లోది ఉమ్మేసి, "మన ఒక్కపొద్దు గుంటూరులో అయిపోయింది లే" అంది. ఒకరిద్దరు నవ్వారు. అత్త నవ్వలేదు. కొంగుతో మూతి తుడుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు రాత్రిబడి పంతులమ్మను అడిగాను. కాకినాడ దగ్గరగా పోయే ఒక గీత ఉందని, ఆ గీత మీది పొద్దును బట్టి దేశమంతటికీ ఒకే గడియారం పెట్టుకున్నారని ఆమె పలక మీద గీసి చూపింది. గడియారం ఒకటే అయినా, తూర్పునున్న గుంటూరులో పొద్దు ముందు గుంకుతుందట, మనకు ఆ తర్వాత. అక్షరం ముక్క రాని అత్త అడిగింది కూడా అదే.

పండగ అయ్యాక, పోయిన ఒక్కపొద్దుకు బదులు అత్త ఇంకొకటి పట్టింది. నేనూ పట్టాను. మధ్యాహ్నానికే ఆమె పెదవులు ఎండిపోయాయి. సాయంత్రం "టైమెంతమ్మీ?" అంది. గడియారం ఎదురుగానే ఉంది.

"బాంగు రానీలే అత్తా" అన్నాను.

బాంగు వచ్చింది. ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుని, "ఇంగ తాగొచ్చా?" అని నన్నే అడిగింది. తల ఎత్తి ఆమె ముఖం చూడటం నాకు చేతకాలేదు.