స్కారవే జెట్టీ మీద ఆదివారం

స్కారవే దీవిలో లాక్లన్ పేరుగలవాళ్లు ముగ్గురున్నారు. చేపల లాక్లన్, గొర్రెల లాక్లన్, జెట్టీ లాక్లన్. ఈ కథ మూడోవాడిది. ముప్పై ఒక్క ఏళ్లుగా మా దీవికొచ్చే ప్రతి పడవ విసిరిన తాడూ అతని చేతుల్లోనే పడింది. తాడు అందుకుని ఇనుప కడియానికి రెండు చుట్లు తిప్పాడంటే సముద్రం తలకిందులైనా ఆ పడవ కదలదు. మనిషి మాత్రం మహా మొండిఘటం. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు.

శనివారం సాయంత్రం జెట్టీకి అడ్డంగా గొలుసు కట్టడం కూడా అతని పనే. ఆ గొలుసు సోమవారం పొద్దున దాకా ఊడదు. ఆదివారం దేవుడి రోజు, స్కారవేలో పని జరగదు మరి. బంగాళాదుంపల తొక్కు ముందురోజే తీసి నీళ్లలో వేసుకోవాలి, పొయ్యిలో కట్టెల బదులు కాల్చే ఎండు మట్టిగడ్డలు ముందురోజే లోపల పెట్టుకోవాలి. జబ్బు మనిషి కోసమో, మునిగిపోతున్నవాడి కోసమో అయితే పడవ తియ్యచ్చు, తాడు పట్టచ్చు. దయ, అవసరం, ఈ రెంటికే మినహాయింపు. ఏది దయో, ఏది అవసరమో ఎవరి మనసును వాళ్లు అడిగి తెలుసుకోవాలి. లాక్లన్ సంసారం సరిగ్గా అక్కడే చితికిపోయింది.

తొమ్మిదేళ్ల కిందట, వారంపాటు ముసురు పట్టి, ఒక ఆదివారం ఫెళ్లున ఎండ కాసింది. ఒక్కగానొక్క కూతురు ఇష్బెల్ తన బట్టలు ఉతికి తీగ మీద ఆరేసింది. ప్రార్థన ముగించుకుని జనం ఆ దారినే వస్తున్నారు. అందరూ చూస్తుండగా లాక్లన్ ఆ తడి బట్టలు లాగి, బకెట్లో కుక్కి, కూతురి కాళ్ల దగ్గర పెట్టాడు. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ బుధవారం ఫెర్రీ ఎక్కి వెళ్లిన పిల్ల మళ్లీ దీవి మొహం చూడలేదు. తల్లికి ఫోన్ చేసేది. తండ్రి ఎత్తితే "అమ్మకివ్వండి" అనేది, పరాయివాణ్ని అడిగినట్టు.

తల్లి పేరు ఎఫీ. ఆవిడ నిష్ఠ ముందు లాక్లన్ నిష్ఠ ఏపాటిది? ఆదివారం సూదిలో దారం కూడా ఎక్కించని మనిషి. బట్టల గొడవ గురించి ఈ తొమ్మిదేళ్లలో మొగుణ్ని పల్లెత్తు మాట అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టేనని లాక్లన్ అనుకున్నాడు. ఇలాంటివి అనుకోవడంలో మగవాళ్లను మించినవాళ్లు లేరు.

ఈ వేసవిలో ఎఫీ కాలేయంలో గడ్డ బయటపడింది. అప్పటికే చెయ్యిదాటిపోయింది. ఇంట్లోనే పోతానని పట్టుబట్టి ఆసుపత్రి నుంచి వచ్చేసింది. జెట్టీ కనిపించే కిటికీ పక్కన మంచం వేయించుకుంది. నర్సు లాక్లన్‌ని గుమ్మం బయటికి పిలిచి, "వారం. అంతకన్నా ఆశపడకు" అని చెప్పి వెళ్లింది. లోపలికొస్తే ఎఫీ ఒకటే అడిగింది.

"ఇష్బెల్‌ని ఒక్కసారి చూపించు. ఇంకేం అడగను నిన్ను."

ఇష్బెల్ 'గ్యానెట్' అనే చిన్న ఓడలో పనిచేస్తోంది. ఎనభై మంది ప్రయాణికులను ఉత్తరాది దీవులకూ, పాత రేవు పట్టణాలకూ తిప్పి, కొండపక్షులనూ కూలిన కోటలనూ చూపించే ఓడ అది. లాక్లనే ఫోన్ చేసి, సిగ్గు చంపుకుని సంగతి చెప్పాడు. ఓడ అప్పటికి ఫారో దీవుల దగ్గరుంది. షెట్లండ్, ఆర్క్నీ మీదుగా దిగి వచ్చి శనివారం స్కారవేలో ఆగాల్సి ఉంది. ఫెర్రీ అయితే వారానికోసారి, మళ్లీ బుధవారమే. కూతురు తల్లిని ప్రాణాలతో చూడాలంటే ఆ ఓడ తప్ప దిక్కులేదు.

శనివారం తెల్లారేసరికి గాలి పిచ్చెత్తినట్టు వీచింది. జెట్టీ గదిలో, ఓడలతో మాట్లాడే రేడియో ముందు లాక్లన్ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి మధ్యాహ్నం ఇష్బెల్ గొంతు వినిపించింది.

"ఇవాళ లాభం లేదు నాన్నా. రేపు మధ్యాహ్నం గంటసేపు ఆగుతామన్నాడు కెప్టెన్. తర్వాత దక్షిణానికి పోతాం. అమ్మెలా ఉంది?"

తొమ్మిదేళ్ల తర్వాత నాన్నా అంది. లాక్లన్ రేడియోకి ఇంకాస్త దగ్గరగా వంగాడు. "ఉంది" అన్నాడు.

"జెట్టీకి వస్తావుగా?"

"రేపు ఆదివారం."

"ఏ రోజో నాకు తెలుసు నాన్నా" అని కట్టేసింది.

సాయంత్రం గొలుసు కడుతుంటే చర్చి పెద్ద టార్మడ్ అటు వచ్చాడు. ఇద్దరూ ఒక బడిలో ఒక బల్ల మీద కూర్చుని దెబ్బలు తిన్నవాళ్లు.

"రేపు డాక్టరొస్తే తాడు పట్టచ్చంటావా?" అన్నాడు లాక్లన్.

"పట్టరా. అదీ ఒక ప్రశ్నేనా?"

"కూతురొస్తే?"

టార్మడ్ గడ్డం గోక్కున్నాడు. "అది నన్నడక్కు. పట్టమంటే నా మీద వదిలేస్తావు, వద్దంటే బతికినన్నాళ్లూ నన్ను తిట్టుకుంటావు. పోయి ఎఫీని అడుగు. ఆవిడ కోసమేగా?"

ఎంత తేలికైన సలహా. లాక్లన్ ఇంటికెళ్లి ఎఫీకి చెంచాతో పాలు పట్టించాడు. అడగబోయి ఆగిపోయాడు. పట్టమంటే, పోయే ముందు ఆ పాపం ఆవిడ తలకు చుట్టినట్టవుతుంది. వద్దంటే, కన్నబిడ్డను తన నోటితోనే కాదన్నట్టవుతుంది. ఆ బరువు ఆవిడకెందుకు, తానే మోద్దామనుకున్నాడు. ఎఫీ అతని మొహంలోకే చూసింది. అతను పాలగిన్నె కడగడానికి వెళ్లాడు.

ఆదివారం గాలి తగ్గింది కానీ సముద్రం తగ్గలేదు. దీవి దీవంతా చర్చిలో ఉంది. ఎఫీ కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోతోందనుకుని, లాక్లన్ నల్లకోటు తొడుక్కుని జెట్టీకి నడిచాడు. పట్టకూడదనుకున్నవాడు ఎందుకు వెళ్లాడంటే అతనికే తెలియదు. ఇంట్లో ఉండలేకపోయాడు, అంతే.

గ్యానెట్ దూరంగా ఆగింది. రబ్బరు పడవలో ఇద్దరే వచ్చారు, ఇష్బెల్, పడవ నడిపే నార్వే మనిషి హోకన్. ఇసుక ఒడ్డున అలలు నిలువెత్తున లేచి విరుగుతున్నాయి. దిగితే జెట్టీ మెట్ల మీదే దిగాలి. నాచు పట్టిన ఆ మెట్లకు పడవ ఆని నిలవాలంటే పైనుంచి ఒకరు తాడు బిగించి పట్టాలి. లాక్లన్ గొలుసు దాటి చివరికంటా వెళ్లి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

ఇష్బెల్ తాడు విసిరింది. అతని బూట్ల ముందు పడింది. పడవ వెనక్కి ఊగగానే జారి నీళ్లలోకి పోయింది.

"తాడు పట్టుకో నాన్నా."

"ఆదివారమమ్మా."

రెండోసారి విసిరింది. "నా కోసం కాదు, అమ్మ కోసం పట్టుకో. నేను దిగగానే వదిలెయ్."

జేబులో అతని వేళ్లు విచ్చుకున్నాయి. తల తిప్పి ఇంటివైపు చూశాడు. కిటికీలో తెల్లగా ఏదో కదిలింది. తెర అనుకున్నాడు. ఒకవేళ ఎఫీయే చూస్తుంటే? జీవితమంతా ఆదివారం సూది ముట్టనిదాని కళ్లెదుటే తాను తాడు పట్టడమా? వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి.

మూడోసారి తాడు అతని భుజం మీదే పడింది. తడిసి బరువుగా ఉంది. చెయ్యెత్తితే చాలు. ఎత్తలేదు. తాడు కోటు మీదుగా జారుతూ జారుతూ పోయింది.

"ఇంక నిలపలేను. గోడకు కొట్టుకుంటే ఇద్దరం పోతాం" అని హోకన్ పడవ తిప్పేశాడు. ఇష్బెల్ ఏడవలేదు, అరవలేదు. తండ్రికి వీపు పెట్టి కూర్చుంది.

లాక్లన్ ఇంటికొచ్చేసరికి ఎఫీ మంచం మీద లేచి కూర్చుని ఉంది. వారంగా తనంతట తాను పక్కకు కూడా తిరగలేని మనిషి. అరచెయ్యి కిటికీ అద్దానికి ఆనించి ఉంది.

"పట్టలేదు ఎఫీ. నీకిష్టముండదని."

"పట్టుకో, పట్టుకో అని ఇక్కణ్ణుంచి అరుస్తూనే ఉన్నాను" అంది ఎఫీ. "గొంతు లేదుగా."

"సూదిలో దారం కూడా ఎక్కించవు కదా నువ్వు."

"సూదీ బిడ్డా ఒకటేనా? తొమ్మిదేళ్లు నీ మొహం చూసి ఊరుకున్నాను. నిన్న రాత్రి అడుగుతావని చూశాను. ఒక్కసారి అడిగావా నన్ను?"

లాక్లన్ పరిగెత్తాడు. అరవై ఏడేళ్ల మనిషి, నల్లకోటుతో, దారిలో రెండుసార్లు పడి లేచాడు. గొలుసు తెంపినట్టే ఊడదీసి, రేడియో అందుకున్నాడు. "గ్యానెట్, రండి, తాడు పడతాను. మా అమ్మాయిని తీసుకురండి, మీ కాళ్లు మొక్కుతాను." చర్చి నుంచి వస్తున్న జనం ఆ కేకలు విని గదిముందు ఆగిపోయారు. ఓడ అప్పటికే దీవి కొస దాటింది, పోటు తిరిగింది, వెనక్కి రావడం కుదరదని కెప్టెన్ మర్యాదగానే చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? చెప్పింది విన్నాక కూడా లాక్లన్ పిలుస్తూనే ఉన్నాడు. టార్మడ్ వచ్చి రేడియో చేతిలోంచి తీసుకున్నాడు.

ఎఫీ మంగళవారం పొద్దున పోయింది. ఆ రెండు రోజులూ కిటికీ వైపే తిరిగి పడుకుంది. అతను పట్టిన పాలు తాగింది. మాట్లాడలేదు.

బుధవారం ఫెర్రీలో ఇష్బెల్ వచ్చింది. ఫెర్రీ తాడు లాక్లనే అందుకున్నాడు. కూతురు మెట్లెక్కి వచ్చి, కడియం దగ్గర వంగి ఉన్న అతని చేతుల్ని కాసేపు చూసింది.

"బుధవారం బాగానే పనిచేస్తున్నాయే నాన్నా" అంది. అంత్యక్రియలయ్యాక వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా ఓడ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. దీవివాసుల విశ్వాసాన్ని గౌరవిస్తున్నామనీ, ఇకమీదట తమ ఓడ ఏదీ ఆదివారం స్కారవేకు రాదనీ రాశారు. చర్చి హాల్లో చదివి వినిపిస్తే అందరూ సంతోషించారు.

ఇప్పుడు లాక్లన్ ప్రతి ఆదివారం జెట్టీ గొలుసు ఊడదీసి, చివరికంటా వెళ్లి నిలబడతాడు. మొదట్లో జనం చెవులు కొరుక్కున్నారు, తర్వాత మానేశారు. ఒక ఆదివారం టార్మడ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎవరూ రారురా లాక్లన్. ఉత్తరం నువ్వూ విన్నావుగా."

"విన్నాను."

"చలి చంపేస్తోంది. చేతులన్నా జేబుల్లో పెట్టుకో."

లాక్లన్ పెట్టుకోలేదు.