నాలుగు కట్టల మునగాకు

మనుషులు గొర్రెల్ని తోలడం మీరు చూసే ఉంటారు. గొర్రెలు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని తరమడం చూడాలంటే మాత్రం ఆ ఆదివారం మీరు సింగపూర్‌లో, క్రాంజీ పొలాల దగ్గర ఉండాల్సింది. ఆ ఇంజనీరు నేనే. చూసినవాళ్ళలో మా మేనేజర్ కూడా ఉన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆరోజు భూమి చీలితే దూరిపోదామనిపించింది.

అవి ఇంటికొక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బయల్దేరుతున్న రోజులు. అనంతపురం నుంచి వచ్చి ఆరునెలలన్నా కాకముందే, మధ్యాహ్నం భోజనాల దగ్గర గొప్పలు చెప్పడంలో నేను సీనియర్‌నైపోయాను. మా మేనేజర్ లిమ్ గారికి బిస్కట్ అనే నలుపూ తెలుపూ కుక్క ఉండేది. గొర్రెల్ని తోలే జాతి. సింగపూర్‌లో గొర్రెలెక్కడివని అడగబోతున్నారా? కుక్కల్ని పెంచేవాళ్ళు కొందరు కలిసి, క్రాంజీలో ఒక ఫామ్ యజమానిని పట్టుకుని, ఐదు గొర్రెలతో వారాంతం పోటీ పెట్టుకున్నారు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరనున్న దొడ్డిలోకి ఏ కుక్క వాటిని తొందరగా చేరిస్తే ఆ కుక్క గెలిచినట్టు. బిస్కట్‌కి రెండు నెలలుగా శిక్షణ ఇస్తున్నానని లిమ్ గారు మురిసిపోతూ చెబుతున్నారు. వింటూ అన్నం తినొచ్చు కదా నేను.

తినలేదు. మా తాతకి రెండొందల గొర్రెలుండేవని, ఆయన ఏనాడూ వాటిని కుక్కతో తోలించలేదని, మా వైపు కాపరి ముందు నడిస్తే మంద వెనకాలే వస్తుందని, కుక్కతో తోలించడం చేతకానివాళ్ళ పద్ధతని చెప్పేశాను. ఇందులో తాత సంగతి నిజమే. నేను మాత్రం హాస్టల్లో పెరిగినదాన్ని. గొర్రెని దగ్గర్నుంచి చూసింది పళ్ళెంలోనే.

లిమ్ గారు నూడుల్స్ గిన్నె పక్కన పెట్టి, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ‘లా’తో సహా అన్నారు: “అయితే నువ్వూ రా లా, కుక్క లేకుండా. ఐదు గొర్రెల్ని నడిపిస్తే, ఆరుగురు ప్రోగ్రామర్లని నడిపించగలవని నమ్ముతాను.”

మా టీమ్ లీడ్ ఉద్యోగం ఖాళీగా ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఆ ఉద్యోగం నాకే వచ్చేసిందని వారం ముందే నేను ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను. అమ్మ వీధంతా మైసూర్‌పాక్ పంచింది. పంచిన మైసూర్‌పాక్ వెనక్కి తీసుకోలేం కాబట్టి, ఉద్యోగం రావడం తప్ప వేరే దారి లేదు.

ఆ సాయంత్రమే ఫోన్ కార్డు కొని తాతకి చేశాను. గొర్రెలు నా వెనక రావాలంటే ఏం చేయాలని అడిగాను.

“ఏముందమ్మీ, పచ్చాకు కట్ట ఒకటి చేతిలో పట్టుకోని ముందర నడువు. ఎనక్కి తిరిగి సూడొద్దు, అవే వస్తాయి. అయితే ఒక్కటి గ్యాపకం పెట్టుకో…”

అక్కడితో కార్డు అయిపోయింది. ఇంకో కార్డు కొని ఆ ఒక్కటీ ఏమిటో కనుక్కోవచ్చు. జాగ్రత్త అమ్మీ అని తప్ప ఇంకేం చెబుతాడులే అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే లిటిల్ ఇండియాకి వెళ్ళి మునగాకు కొన్నాను. తాత ఒక కట్ట అన్నాడు గానీ, గెలుపు గట్టిగా ఉండాలని నాలుగు తీసుకున్నాను. ఆంగ్ మో కియో ఫ్లాట్‌లో నాతో ఉండే గుంటూరమ్మాయి సునీత నా వాలకం చూసి, “చున్నీ తీసేసి ప్యాంటన్నా వేసుకోవే, పరిగెత్తాల్సొస్తే చస్తావ్” అంది. కాపరి పరిగెత్తడు, నడుస్తాడని గంభీరంగా జవాబిచ్చాను.

పోటీ నడిపించే ముసలి ఆంటీ ఒక ఫారమ్ ఇచ్చింది. అందులో కుక్క పేరు రాసే చోట ఏం రాయాలో తెలియక నా పేరే రాశాను. ముందు బిస్కట్ నాలుగు నిమిషాల్లో పని ముగించి, బుద్ధిగా వచ్చి కూర్చుంది. తర్వాత ఆంటీ మైకులో, “ఇప్పుడు వస్తున్న కుక్క పేరు సరళ” అని ప్రకటించింది.

రెండు కట్టలు చేతుల్లో పట్టుకుని, మిగతా రెండూ చున్నీతో నడుముకి ముడేసుకుని నిలబడ్డాను. కడుపు నిండితే కదలవని గొర్రెలకి పొద్దుట్నుంచీ మేత పెట్టలేదని ఫామ్ యజమాని చెప్పాడు. ఎంత మంచి ఏర్పాటో అని మెచ్చుకుని, ముందు నడిచాను. వెనక గిట్టల చప్పుడైంది. తిరిగి చూడలేదు. చప్పుడు దగ్గరైంది. అప్పుడూ చూడలేదు. చున్నీ కొస వెనక్కి లాగినట్టయింది. అప్పుడు చూశాను.

ఐదు ముఖాలు, పెళ్ళి భోజనాల్లో రెండో పంక్తి కోసం నిలబడ్డవాళ్ళ ముఖాల్లాంటివి. చేతిలో కట్టలు పారేసి పరుగందుకున్నాను. ఆ రెండు కట్టలూ రెండు క్షణాలైనా ఆగలేదు. నడుము దగ్గర ముడి ఎంత లాగితే అంత బిగుస్తోంది. “చున్నీ వదిలెయ్యవే” అని చూడ్డానికొచ్చిన సునీత అరుస్తోంది, అది నన్ను వదిలితే కదా. కంచె అన్నది కనబడింది ఒక్క దొడ్డికే. అందులో దూరాను. నా వెనకే ఐదూ దూరాయి. ఆంటీ వచ్చి గేటు వేసి గడియారం చూసుకుంది. నిమిషం పది సెకన్లు.

చప్పట్లు ఆగాక తీర్పు చెప్పారు. కుక్క దొడ్డి లోపలికి వెళ్ళకూడదనేది నియమం కాబట్టి సరళ అనే కుక్కని పోటీ నుంచి తొలగించారు. మొదటి బహుమతి బిస్కట్‌కి వచ్చింది.

ఇంటికొచ్చి, చిరిగిన చున్నీతోనే తాతకి ఫోన్ చేశాను. “ఆ పొద్దు సెప్పబోతే ఫోను కోసేస్తివి గదమ్మీ” అన్నాడు. “ఆకలిమీదుండేటప్పుడు మాత్రం ఆకు సూపియ్యొద్దు.”

సోమవారం లిమ్ గారు పిలిచారు. అమ్మకి మైసూర్‌పాక్ గురించి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ వెళ్ళి, క్షమించమన్నాను. ఆయన, “టీమ్ లీడ్ పనేంటో తెలుసా? ఆకలిమీదున్నవాళ్ళు వెనక తరుముతుంటే, చేతిలో ఉన్నవి ఒక్కొక్కటే పారేసుకుంటూ, గడువుకి ముందే చేరిపోవడం. నిన్న నువ్వు అదే చేశావు. ఉద్యోగం నీదే లా” అన్నారు.

అందుచేత, నా వెనక ఆకలిగా నిలబడ్డ ఆ ఆరుగురు ప్రోగ్రామర్ల సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను. పెద్దవాళ్ళ మాట చివరిదాకా వినకుండా ఇక ఏ మందకీ ముందు నడవను. మునగాకు పప్పు కూడా, తలుపు గడియ వేసుకున్నాకే తింటాను.